చావుకి ఒక పేరు, జబ్బుకి ఒక నంబరు

(భావనపాడు సముద్రతీరంలో మన సంఘం జరుపుకున్న కార్తీక వనసమారాధన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు నిన్న ఫోను చేసి, "మీరు ఆరోగ్య శాఖలో పనిచేశారు కదా, ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. నా బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో ఇప్పటికీ మా ఆవిడే చెబుతుంది. నాకు తెలిసింది ఒక్కటే పని, చావులు లెక్కపెట్టడం. పులిహోర వాసన వస్తున్న వేళ చావుల ప్రసంగం ఏమిటని విసుక్కోకండి. మన వయస్సు వాళ్లం మనలో మనం మాట్లాడుకోకపోతే ఈ విషయం ఇంకెవరూ మాట్లాడరు.

నేను 1979లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరాను. నా ఉద్యోగం పేరు "కంప్యూటర్". నవ్వకండి. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మిషను కాదు, మనిషి. కుటుంబ నియంత్రణ విభాగంలో లెక్కలు కట్టే గుమాస్తాకు ఆ పేరు పెట్టారు. కరెంటు అక్కర్లేదు, టీ ఇస్తే చాలు, పనిచేసేది. ఆపరేషన్లు ఎన్ని, టీకాలు ఎన్ని, పుట్టినవారు ఎందరు, పోయినవారు ఎందరు, అన్నీ నా గళ్ల కాగితం మీదికి రావాలి.

ఈ పనుల్లోనే గ్రామీణ మరణ కారణాల సర్వే అని ఒకటుండేది. పల్లెల్లో చాలామంది డాక్టరును చూడకుండానే పోతారు కదా, మరి వారు ఏ జబ్బుతో పోయారో ఎలా తెలుస్తుంది? అందుకని ఎంపిక చేసిన ఆరోగ్య కేంద్రాల్లో, కేంద్రం ఉన్న ఊళ్లో చావు జరిగితే మా సిబ్బంది ఆ ఇంటికి వెళ్లి, ఇంటివాళ్లను లక్షణాలు అడిగి, ఒక జాబితాలో సరిపడే గడి చూసి రాయాలి. ఆ జాబితాలో పెద్ద తరగతులు పది. ప్రమాదాలు, ప్రసవం, జ్వరాలు, జీర్ణకోశ బాధలు, దగ్గు ఆయాసాలు, నరాల బాధలు, రక్తప్రసరణ బాధలు, స్పష్టమైన ఇతర లక్షణాలు, పసికందుల బాధలు, చివరిది ముసలితనం. డాక్టరు లేని చోట ఇంతకంటే తెలివైన పద్ధతి లేదు. 1999 నుంచి దీన్ని నమూనా నమోదు పథకంలో కలిపేశారు. తప్పేదైనా ఉంటే అది జాబితాది కాదు, దాన్ని పట్టుకుని తిరిగిన నాలాంటి వాడిది. ఆ తప్పు చెప్పుకోవడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

1986లో మా మేనమామ పోయాడు. మా కేంద్రం ఉన్న ఊరే ఆయనది. కొబ్బరి దింపేవాడు, జీడితోటలో కూలికి వెళ్లేవాడు. వయస్సు నలభై ఎనిమిది. తాగుడు లేదు, షుగరు లేదు. రెండేళ్లుగా మనిషి పాలిపోయాడు. ఆఖరి నెలల్లో కాళ్లు, ముఖం పొంగాయి, అన్నం చూస్తే వాంతి వచ్చేది, చివరి నాలుగు రోజులు పడుకోలేక కూర్చునే ఊపిరి తీసుకున్నాడు. పదకొండో రోజు అయ్యాక నేనే ఫారం పట్టుకుని మా అత్త దగ్గర కూర్చున్నాను. "ఏటని రాస్తావు అల్లుడా, ఆయాసం వొచ్చి ఎలిపోనాడు" అంది. నేను "ఆయాసం" అని రాశాను. మా మామ దగ్గు తరగతిలో చేరిపోయాడు.

మూత్రం ఎలా పోయేది అని నేను అడగలేదు. ఆడమనిషిని, పైగా మేనత్తను, ఆ మాట అడగడానికి మొహమాటపడ్డాను. కాళ్లు ముందు పొంగాయా, ఆయాసం ముందు వచ్చిందా అనీ అడగలేదు. పోనీ "తెలియదు" అని రాయవచ్చు కదా అంటారేమో! ఆఫీసులో పనిచేసిన మీకు చెప్పాలా? ఖాళీ గడి ఉంటే ఫారం వెనక్కి వస్తుంది, "తెలియదు" అని రాస్తే మెమో వస్తుంది. తెలియదు అని రాయడానికి ఆనాడు నాకు ధైర్యం చాలలేదు.

రెండేళ్లకు మా మామ తమ్ముడు అదే తీరున పోయాడు. తరువాత వాళ్ల ఎదురింటాయన. ఆ పైన వీధి చివర చాకలి పని చేసే ఒకామె. నాలుగు ఇళ్లకూ నేనే వెళ్లాను. రెండు చోట్ల "ఆయాసం" రాశాను, ఒకచోట "ముసలితనం" రాశాను. ఆ ముసలావిడ వయస్సు యాభై ఎనిమిది, అంటే మనం రిటైరైన వయస్సు! ఆ రిజిస్టరు తీసి ఎవరైనా చదివితే ఆ వీధి వీధంతా దగ్గుతో పోయిందనుకుంటారు.

కొన్నేళ్లకు నాకు ప్రమోషన్ వచ్చి ఒక పెద్దాసుపత్రి రికార్డుల విభాగంలో పడ్డాను. అక్కడే మొదటిసారి "అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ" అనే పుస్తకం చూశాను. మేము ఐ.సి.డి. అనేవాళ్లం. పదో సవరణ మూడు సంపుటాలు. మొదటి దానిలో జబ్బుల పట్టిక, రెండో దానిలో రాసే నియమాలు, మూడో దానిలో అక్షరక్రమ సూచిక. సూచికలో జబ్బు పేరు వెతికి, పట్టికలో సరిచూసి, కేసు షీటు మీద నంబరు వేయాలి. మొదట్లో ఇది కూడా గుమాస్తా పనే అనుకున్నాను. చదవగా చదవగా, ఆ పుస్తకం వెనక మూడు వందల ఏళ్ల కథ ఉందని తెలిసింది.

లండను నగరంలో ప్లేగు భయంతో వారం వారం చావుల పట్టీలు అచ్చువేసేవారు. బట్టల వ్యాపారి జాన్ గ్రాంట్ ఆ పట్టీలన్నీ కూర్చి 1662లో ఒక పుస్తకం తెచ్చాడు. ఆ పట్టీల్లోనూ "ముసలితనం" ఉండేది, "పళ్లు" అని కూడా ఒక కారణం ఉండేది, అంటే పళ్లు వచ్చే వయస్సులో పోయిన పిల్లలు. కనుక నేనొక్కణ్ణే కాదు, నాకంటే ముందు చాలామంది ఉన్నారని కాస్త ఊరట కలిగింది. తరువాత విలియం ఫార్ అనే ఆయన ఇంగ్లండు రిజిస్ట్రారు జనరలు కార్యాలయంలో కూర్చుని, ఒకే జబ్బుకు నాలుగు పేర్లు, నాలుగు జబ్బులకు ఒకే పేరు ఉంటే లెక్క ఎలా కుదురుతుందని పోరాడాడు. పారిస్ గణాంకాధికారి జాక్ బెర్టియాన్ తయారుచేసిన జాబితాను 1893లో అంతర్జాతీయ గణాంక సంస్థ ఆమోదించింది. 1948లో ఆరో సవరణ నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. పదో సవరణను 1990లో ఆమోదించారు, పదకొండో సవరణ 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది.

పేరుకు అంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. ఇక్కడికి కాస్త దూరంలో కడుతున్న రేవునే చూడండి. ఏళ్ల తరబడి భావనపాడు రేవు అన్నాం, 2023లో శంకుస్థాపన నాటికి మూలపేట రేవు అయింది. పేరు మారితే ఫైలు మారుతుంది, ఫైలు మారితే పాత కాగితం దొరకదు. మనిషి చావు కూడా అంతే.

ఆ పుస్తకం నాకు నేర్పిన మొదటి పాఠం, ఆఖరున ఏం జరిగిందన్నది కారణం కాదని. మరణ కారణ ధ్రువపత్రంలో వరుసగా మూడు గీతలుంటాయి. పై గీత మీద వెంటనే చావు తెచ్చినది, దాని కింద దానికి దారితీసినది, అడుగున అన్నిటికీ మూలమైనది రాయాలి. పక్కన ఒక్కొక్కటీ ఎంతకాలం నుంచి ఉందో రాయాలి. లెక్కలోకి ఎక్కేది ముఖ్యంగా ఆ అడుగు గీత. "గుండె ఆగి మరణించెను" అని ఒక్క ముక్క రాసి వదిలేయకూడదు. గుండె ఎవరికి ఆగదు? ఉరివేసుకున్నా ఆగుతుంది, పాము కరిచినా ఆగుతుంది. అది చావు జరిగిన తీరు, కారణం కాదు.

మా మామ ఫారం ఈ పద్ధతిలో రాసి ఉంటే పై గీత మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, రెండో గీత మీద మూత్రపిండాలు చెడిపోవడం, అడుగున "మూలకారణం తెలియదు, షుగరు లేదు, బీపీ లేదు, రెండేళ్లుగా జబ్బు" అని ఉండేది. ఆ "తెలియదు" ఎంత విలువైన మాటో ఇప్పుడు చెబుతాను.

1854లో లండనులో ఒక పేటలో కలరా రేగింది. కలరా క్రిమి సంగతి అప్పటికి వైద్యలోకానికి పట్టలేదు. కోచ్ దాన్ని నిరూపించింది 1883, 84ల్లో, అదీ మన కలకత్తాకు కూడా వచ్చి. కానీ జాన్ స్నో అనే డాక్టరు రిజిస్ట్రారు కార్యాలయం నుంచి చనిపోయినవారి జాబితా తీసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వారిలో ఎక్కువమంది ఒకే వీధి పంపు నీళ్లు తాగారని తేల్చాడు, పంపు చేతిపిడి తీయించాడు. కారణం తెలియక ముందే లెక్క దారి చూపింది. ఎందువల్లనంటే ఆ జాబితా రాసిన గుమాస్తా కలరాను కలరా అని రాశాడు. ఆయాసం అని రాయలేదు.

నా పాత వీధి ఆ క్షణాన నాకు గుర్తుకొచ్చింది.

ఇప్పుడు మన ఉద్దానం సంగతి. మనం కూర్చున్న చోటికి ఇటు నౌపడా ఉప్పుమడులు. అటు ఉత్తరానికి వెళ్తే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వరకు కొబ్బరి, జీడి, పనస. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ చెట్లను పడగొట్టింది. దానికంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచే మనుషుల్ని పడగొడుతున్నది కిడ్నీ జబ్బు. 2019లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం ఇక్కడి పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఉంది. వారిలో ముప్పాతిక మందికి దగ్గరగా తెలిసిన కారణం ఏదీ లేదు. నీరు అన్నారు, నీటిలోని సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడం అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఇదే అని తేల్చి చెప్పినవారు ఇంకా లేరు. శ్రీలంక వరి పొలాల్లోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా కష్టం చేసుకునే వాళ్లకే.

నేను పనిచేసిన ఐ.సి.డి. పదో సవరణలో ఈ జబ్బు ఎక్కడుంది? దీర్ఘకాల మూత్రపిండ వ్యాధికి "ఎన్ 18" అని ఒక నంబరుంది. షుగరు ముదిరి కిడ్నీ పోయిన హైదరాబాదు వ్యాపారి, చెమటోడ్చి కిడ్నీ పోయిన మన ఉద్దానం కూలీ చాలాసార్లు ఆ ఒక్క నంబరు కిందికే వస్తారు. కారణం తెలియని మన జబ్బుకు విడిగా నంబరు లేదు.

ఇలాంటి వాటికి నంబరు ఇవ్వనే ఇవ్వరా అంటే, ఇచ్చారు. ఐరోపాలో డాన్యూబ్ నది ఉపనదుల వెంట బల్గేరియా, యుగొస్లావియా, రుమేనియా పల్లెల్లో అచ్చం ఇలాగే ఊళ్లకు ఊళ్లు కిడ్నీలు చెడిపోయేవి. 1950లలో డాక్టర్లు దాన్ని గుర్తించి రాశారు. దానికి "ఎన్ 15.0, బాల్కన్ నెఫ్రోపతి" అని సొంత నంబరు వచ్చింది. నంబరు ఇచ్చేనాటికి కారణం తేలలేదు. గోధుమ చేలో పెరిగే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలవడమే మూలమని 2007 ప్రాంతంలో బలమైన ఆధారం దొరికింది. యాభై ఏళ్లు పట్టినా వదలకుండా వెతకగలిగారంటే, ఆ జబ్బుకు ఒక పేరు, ఒక లెక్క ఉండబట్టే.

మరొకటి చూడండి. మశూచి లోకంలో లేదని 1980లో ప్రకటించారు. అయినా "బి 03" అనే దాని నంబరు పుస్తకంలో అలాగే ఉంచారు, మళ్లీ వస్తే కనిపెట్టడానికి. కొత్త జబ్బుల కోసం "యు" అక్షరం కింద ఖాళీ గదులు కూడా అట్టేపెట్టారు. 2020లో కోవిడ్ రాగానే వారాల్లోనే "యు 07.1" ఇచ్చారు. పోయిన జబ్బుకు గది ఉంది, కొత్తగా వచ్చినదానికి గది దొరికింది, ఇన్నేళ్లుగా మన వీధుల్లో తిరుగుతున్నదానికి మాత్రం సొంత గది లేదు. నేను ఎవరినీ నిందించడం లేదు. కింద నుంచి నాలాంటి వాళ్లం ఆయాసం, ముసలితనం అని రాసి పంపితే పైన ఉన్నవాళ్లకు ఏం కనిపిస్తుంది?

2005లో మా మామ కొడుకు, నా బావమరిది, కాళ్లు పొంగి విశాఖపట్నం వెళ్లాడు. నేనే వెంట వెళ్లాను. అప్పటికి అతనికి నలభై ఒక్క ఏళ్లు. క్రియాటినిన్ చూసి డాక్టరు గారు, "మీ ఇంట్లో ఇంకెవరికైనా కిడ్నీ జబ్బు ఉందా? మీ నాన్న ఎలా పోయారు?" అని అడిగారు. మా వాడు, "నేదు బాబూ, మా నాన్న ఆయాసంతో పోనాడు. ఇదిగో, మా బావే రాసినాడు" అన్నాడు, నా వైపు గర్వంగా చూపిస్తూ. నేను తల ఎత్తలేకపోయాను. బయటికి వచ్చాక అతనికి నిజం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. బస్సు ఎక్కాక, "ముందే తెలిస్తే ఆ నొప్పి మాత్రలు మింగకపోదును గదా బావా" అన్నాడు. తోటలో దిగిన ప్రతి సాయంత్రం ఒళ్లు నొప్పులకు ఒక మాత్ర వేసుకునేవాడు. ఆ మాత్రలు మానితే బతికేవాడని నేను చెప్పలేను. కానీ ఇరవై ఏళ్ల ముందు నుంచి పరీక్ష చేయించుకునేవాడు, జాగ్రత్తపడేవాడు. ఆ అవకాశం నా ఫారంలో పోయింది.

ఆరేళ్లు బతికి 2011లో పోయాడు, ఆసుపత్రిలోనే. కాగితం మీద "గుండె ఆగి" అని రాసి ఉంది. డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు, రాత్రంతా నిద్ర లేని మనిషి. నేను చేతులు జోడించి, "బాబూ, అడుగు గీత మీద మూత్రపిండాల జబ్బు, ఆరేళ్లుగా, కారణం తెలియదు అని రాయండి" అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, కేసు షీటు తిరగేసి, మళ్లీ రాశారు. నా నౌకరీ మొత్తంలో నేను రాయించిన సరైన ఫారాల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

ఇప్పుడు రోజులు మారాయి. మన ప్రాంతంలోనే డయాలిసిస్ కేంద్రాలు వచ్చాయి. డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను 2019లో ప్రకటించారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇవన్నీ రావడానికి ఉద్యమాలు చేసినవారున్నారు, పాదయాత్రలు చేసినవారున్నారు, ఊరూరా రక్తం తీసి పరీక్షించిన డాక్టర్లున్నారు. వారందరి చేతిలో ఉన్న ఆయుధం లెక్క. ఇన్ని ఊళ్లు, ఇంతమంది, ఇన్ని చావులు అన్న లెక్క.

అందుకని మీకు నాలుగు మనవులు.

మొదటిది, ఇంట్లో చావు జరిగితే పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో 21 రోజుల్లోగా నమోదు చేయించండి. ఆస్తి లేనివాళ్లకు ఎందుకులే అనుకోవద్దు.

రెండవది, మనకిచ్చే మరణ ధ్రువపత్రంలో జబ్బు పేరు ఉండదు. అలా ఉండకూడదని 1969 చట్టంలోనే ఉంది. అందుకే కారణం ఏం రాశారో మనం పట్టించుకోం. అయితే 2023లో చట్టాన్ని సవరించారు. ఆసుపత్రి సర్కారుదైనా ప్రైవేటుదైనా మరణ కారణ ధ్రువపత్రాన్ని రిజిస్ట్రారుకు పంపి, ఒక ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఇంటి దగ్గర పోయినా, ఆ జబ్బుకు వైద్యం చేసిన డాక్టరు రుసుము తీసుకోకుండా రాసివ్వాలి. ఆ ప్రతి అడిగి తీసుకోండి, పాస్ బుక్కుతో పాటు దాచండి.

మూడవది, "గుండె ఆగి" అని ఒక్కటే రాసి ఉంటే మర్యాదగా అడగండి, "అయ్యా, గుండె ఎందుకు ఆగింది?" అని. కేసు షీటు, పాత రిపోర్టులు చూపించండి. డాక్టరు గారు కోపగించుకోరు. కోపగించుకున్నా ఫరవాలేదు, మనం సర్వీసులో పడని చీవాట్లా?

నాలుగవది, మీ అమ్మానాన్నలు, అత్తమామలు, అన్నదమ్ములు ఏ జబ్బుతో, ఏ వయస్సులో పోయారో ఒక కాగితం మీద రాసి పిల్లలకు ఇవ్వండి. తెలిసింది రాయండి. తెలియనిచోట తెలియదని రాసి, చూసిన లక్షణాలు రాయండి. కాళ్లు పొంగాయి, వాంతులయ్యాయి, మూత్రం తగ్గింది అని రాస్తే చాలు. డాక్టరుకు అది నా రిజిస్టరు కంటే ఎక్కువ పనికొస్తుంది.

మనం బతికే ఉన్నామని ఏటేటా మనమే వెళ్లి జీవన ప్రమాణ పత్రం మీద వేలిముద్ర వేసి వస్తాం. ఆ ఒక్క కాగితం ఆలస్యమైతే పెన్షను ఆగుతుందని ఎంత జాగ్రత్త పడతామో! మన చివరి కాగితం మీద మాత్రం మనం సంతకం చేయలేం. అది ఇక్కడ కూర్చున్న పిల్లలు చూసుకోవాలి. అందుకే వాళ్లను కూడా పిలవమని కార్యదర్శి గారిని కోరాను.

మా బావమరిది కొడుకు ఇవాళ నా పక్కనే వచ్చి కూర్చున్నాడు. వాడి తాత పేరు పక్కన, తండ్రి పేరు పక్కన ఏ జబ్బు రాయాలో నా చేత్తోనే ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించుకుంటున్నాడు. ఇప్పటివరకు క్రియాటినిన్ బాగానే ఉంది.

 ఇక లేవండి, విస్తళ్లు వేస్తున్నారు.